రాలిన గింజ ఎవరిది?

అభిజ్ఞాన శాకుంతలం మొదటి అంకంలో దుష్యంతుడు రథం మీద వస్తూ, ఎవరూ చెప్పకుండానే తపోవనం దగ్గరపడిందని పోల్చుకుంటాడు. ఎలా తెలిసిందో సారథికి గుర్తులు చూపిస్తాడు. వాటిల్లో మొదటిది చెట్ల కింద పడివున్న నీవారధాన్యం. పైన తొర్రల్లో చిలకలున్నాయి, అక్కణ్ణుంచి జారిన గింజలు కింద పడ్డాయి. ఎవరూ ఊడ్చలేదు, ఎవరూ ఎత్తుకుపోలేదు. అదీ ఆశ్రమం గుర్తు.

రెండో అంకంలో అదే ధాన్యం మళ్ళీ వస్తుంది, ఈసారి హాస్యానికి. శకుంతలని చూశాక ఆశ్రమం వదిలి వెళ్ళబుద్ధి కాని రాజు ఏదైనా సాకు చెప్పమని విదూషకుణ్ణి అడుగుతాడు. సాకెందుకు, నువ్వు రాజువి కదా, నీవారధాన్యంలో ఆరోవంతు పన్ను కట్టమని మునుల్ని అడుగు, అంటాడు విదూషకుడు. రాజు అతన్ని మందలించి, వీళ్ళు కట్టే పన్ను వేరే ఉంది, తపస్సులో ఆరోవంతు, అని జవాబిస్తాడు. వ్యాఖ్యాతలు ఎప్పుడూ రాజు జవాబు దగ్గరే ఆగుతారు. ధర్మం, తపఃఫలం, రాజుకీ మునికీ ఉండే సంబంధం, అవన్నీ అక్కడున్నాయి మరి. నాకు మాత్రం విదూషకుడి మాటలోనే ఎక్కువ సంగతి ఉందనిపిస్తుంది. ఆ మాటకి నవ్వెందుకు వస్తుంది? నీవారం పన్ను వేయడానికి దొరికే ధాన్యం కాదు కాబట్టి. ఎందుకు దొరకదంటే, అది రాలిపోతుంది కాబట్టి.

ఈ రాలడం గురించి గత ఇరవయ్యేళ్ళలో జన్యుశాస్త్రం చాలా చెప్పింది. ఆ శాస్త్రాన్ని ఆధారం చేసుకుని మానవచరిత్ర గురించి పెద్దపెద్ద కథలూ వచ్చాయి. శాస్త్రం మీద నాకు పేచీ లేదు. దాని చుట్టూ అల్లిన కథల మీద ఉంది. ఏ కథకైనా అడగాల్సిన ప్రశ్నలే వీటికీ అడగాలి: కర్త ఎవరు? క్రియ ఏమిటి? కథలో కనపడకుండా పోయిందెవరు?

ముందు మొక్క సంగతి. నీవారాన్నే మనం నివ్వరి అన్నాం. చెరువు గట్ల వెంట, పల్లపు నీళ్ళలో తనంతట తాను మొలిచే అడవి వరి. 1965లో శర్మ, శాస్త్రి అనే ఇద్దరు మన వృక్షశాస్త్రవేత్తలు ఇలాంటి ఏకవార్షిక అడవి వరికి శాస్త్రీయనామం పెట్టాల్సివచ్చినప్పుడు ఆ పాత మాటనే తీసుకుని 'ఒరైజా నివారా' అన్నారు. మంత్రపుష్పం విన్నవాళ్ళందరికీ ఈ గింజ తెలియకుండానే తెలుసు. హృదయంలో ఉన్న జ్వాల ఎంత సన్ననిదో చెప్పడానికి అక్కడ ఇచ్చిన పోలిక నీవారపు గింజ కొసన ఉండే ముల్లే. మనం పండించే చాలా వరి రకాలకి ఆ ముల్లు లేదు, ఉన్నా పొట్టిది. అడవి వరికి అది పొడుగ్గా, గరుగ్గా ఉంటుంది. ఆ గింజ తన దారి తను చూసుకోవాలి కదా.

అడవి వరి గింజ పండగానే రాలుతుంది. గింజకీ దాన్ని మోసే సన్నటి కాడకీ మధ్య కొన్ని కణాలతో ఒక పొర ఏర్పడుతుంది. గింజ ముదిరేకొద్దీ ఆ పొరలో కణాలు ఒకదాన్నొకటి వదిలేసుకుంటాయి. ఆ తర్వాత గాలి వీచినా, పిట్ట వాలినా చాలు. గింజలన్నీ ఒకేసారి పండవు కూడా, వెన్ను కొసన ఉన్నవి ముందు, కిందివి తర్వాత. అందుకని ఏ రోజు వెళ్ళినా కొన్ని రాలిపోయి ఉంటాయి, కొన్ని ఇంకా పచ్చిగానే ఉంటాయి. మొక్కకి ఇది తెలివైన ఏర్పాటు. మనిషికి మాత్రం చేతికందని పంట. సాగు వరిలో ఆ పొర సరిగ్గా ఏర్పడదు, కొన్ని రకాల్లో అసలే ఉండదు. గింజ పండి కూడా వెన్నుకే వేళ్ళాడుతూ, ఎవరో ఒకరు వచ్చేదాకా ఉంటుంది.

ఈ తేడా ఎక్కడుందో వెతికిన రెండు పరిశోధన పత్రాలు 2006లో 'సైన్స్' పత్రికలో వచ్చాయి. మొదటిది అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ నుంచి చాంగ్‌బావ్ లి, ఐలింగ్ జౌ, తావ్ సాంగ్ రాసినది. వాళ్ళు ఒక సాగు ఇండికా వరిని అడవి వరితో సంకరం చేశారు. ఆ అడవి వరి మన ఒరైజా నివారాయే. పుట్టిన పిల్లమొక్కల్లో ఏవి రాలుస్తున్నాయో, ఏవి రాల్చడం లేదో చూసుకుంటూ వెళ్ళి, నాలుగో క్రోమోజోము మీద ఎస్‌హెచ్4 అనే జన్యువు దగ్గర ఆగారు. అందులో ఒక్క అక్షరం తేడా. 'జి' ఉండాల్సినచోట 'టి' ఉంది. దానివల్ల ఆ జన్యువు తయారుచేసే ప్రొటీన్‌లో లైసీన్ బదులు ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లం వచ్చి చేరింది. రెండోది జపాన్ నుంచి సయెకో కొనిషీ, ఆమె సహచరులు రాసినది. నిప్పొన్‌బారే అనే జపానీ రకాన్నీ, కసలత్ అనే మన ఉపఖండపు రకాన్నీ కలిపితే, వాళ్ళకి ఒకటో క్రోమోజోము మీద క్యూఎస్‌హెచ్1 దొరికింది. ఆ సంకరంలో రాలడంలో కనిపించిన తేడాలో 68.6 శాతానికి అదొక్కటే కారణం. అక్కడా ఒక్క అక్షరమే తేడా.

ఈ రెండు పత్రాలూ చదవదగ్గవి. అందులో పని గొప్పది. కానీ వాటినుంచి బయటికి వచ్చిన కథ ఒకటుంది: ఒక్క అక్షరం మారింది, వరి రాలడం మానేసింది, ఆసియా నాగరికత మొదలైంది. ఎంత అందమైన కథ! అచ్చుతప్పుతో మొదలైన మహాకావ్యం. సాహిత్యం చదివేవాళ్ళకి ఇలాంటి పోలిక వెంటనే ఎక్కుతుంది, అందుకే దాన్ని కాస్త ఆగి చూడాలి.

మొదటి ఇబ్బంది క్యూఎస్‌హెచ్1 తోనే. మారిన అక్షరం ఆ జన్యువు లోపల లేదు. దానికి దాదాపు పన్నెండు వేల అక్షరాల ముందు ఉంది. ప్రొటీన్ మారలేదు. గింజ కింద ఆ పొర ఏర్పడాల్సిన చోట, ఏర్పడాల్సిన వేళకి ఆ జన్యువు పలకలేదు, అంతే. అంటే ఇది అచ్చుతప్పు కాదు, ఎక్కడో ముందు పేజీలో ఉన్న ఏ గుర్తో మారి ఇక్కడి వాక్యం ఎవరూ చదవకుండా దాటేసినట్టు. పైగా ఈ మార్పు సాగు వరులన్నిటిలోనూ లేదు. సమశీతోష్ణ ప్రాంతాల జపానికా రకాల్లో కొన్నిటికే పరిమితం. 'వరి సాగులోకి వచ్చే క్రమంలో గింజ రాలకుండా పోవడానికి ఒక్క అక్షరం కారణం' అనే అర్థంలో పత్రానికి పెట్టిన పేరు, లోపల ఉన్న విషయం కంటే పెద్దది.

రెండో ఇబ్బంది ఎస్‌హెచ్4 తో. ఈ మార్పు సాగు వరిలో దాదాపు అంతటా ఉంది, కాబట్టి మొదటి అడుగు ఇదే అనుకోవడం సహజం. కానీ అమెరికా వరిపొలాల్లో కలుపుగా పెరిగే వరిని 2010లో పరిశీలిస్తే, దానిలోనూ సాగు వరి అక్షరమే ఉంది. అయినా అది హాయిగా గింజలు రాలుస్తోంది. 2022లో ఇషికావా, ఇషీ బృందం ఇంకో వైపునుంచి అడిగింది: ఆ ఒక్క అక్షరాన్ని తీసుకెళ్ళి అడవి వరిలో పెడితే ఏమవుతుంది? పెద్దగా ఏమీ కాలేదు, గింజలు రాలుతూనే ఉన్నాయి. ఎస్‌హెచ్4 కి క్యూఎస్‌హెచ్3 అనే ఇంకో మార్పు తోడవ్వాలి. వాటికి తోడు, విచ్చుకున్న గొడుగులా ఉండే అడవి వెన్ను దగ్గరికి ముడుచుకోవాలి. ముడుచుకున్న వెన్నులో ఒక గింజ బరువు ఇంకో గింజ మీద ఆనుతుంది, కాడ మీద లాగుడు తగ్గుతుంది. ఇవి మూడూ కలిస్తేనే కోతకొచ్చినవాడికి తేడా తెలిసేంత ధాన్యం మిగులుతుంది.

అంటే ఒక్క అక్షరం కథలో నాయకుడు లేడు. ముగ్గురు నలుగురు పక్కపాత్రలు వేర్వేరు కాలాల్లో వచ్చి కలిశారు. ఏ ఒక్కరు వచ్చినప్పుడూ అది పెద్ద సంఘటనగా ఎవరికీ అనిపించి ఉండదు.

అలా అనిపించలేదనడానికి సాక్ష్యం కూడా ఉంది. చైనాలో యాంగ్‌ట్సీ నది దిగువన తియన్‌లువోషన్ అనే పాత ఊరి తవ్వకాల్లో, వడ్లగింజ కాడకి అంటుకునే చోటు, అంటే గింజ అడుగుభాగాలు, వేల ఏళ్ళుగా బురదలో చెడకుండా దొరికాయి. తనంతట తాను రాలిన గింజకి అక్కడ మచ్చ నున్నగా ఉంటుంది. బలవంతంగా విరిచిన గింజకి చిరిగినట్టు ఉంటుంది. డోరియన్ ఫుల్లర్ బృందం ఇలాంటివాటిని ఒక్కొక్కటే చూసి లెక్కపెట్టి 2009లో ప్రకటించింది. సుమారు 6900 ఏళ్ళ కిందట రాలని రకం గింజలు 27 శాతం. 6600 ఏళ్ళ కిందటికి 39 శాతం. మూడు వందల ఏళ్ళలో పన్నెండు. తరానికి పాతికేళ్ళనుకుంటే పన్నెండు తరాలు. అంటే తరానికి నూటికి ఒక్క గింజ. అమ్మమ్మ ఏరిన వడ్లకీ మనవరాలు ఏరిన వడ్లకీ నూటికి రెండు గింజలు తేడా. ఎవరికి తెలుస్తుంది? ఆ ఊరివాళ్ళకి అప్పటికి వరే సర్వస్వమూ కాదు. ఓక్ కాయలూ, నీళ్ళలో పెరిగే ముళ్ళ కాయలూ కూడా అంతే తిన్నారు.

ఇప్పుడు పెద్ద కథల సంగతి. ఒకప్పటి కథలో కర్త మనిషి. మనిషి మంచి గింజని ఎంచాడు, దాచాడు, విత్తాడు. డార్విన్ ఇక్కడ చాలామంది కంటే జాగ్రత్తపడ్డాడు. తెలిసి చేసిన ఎంపిక వేరు, తెలియకుండా జరిగిన ఎంపిక వేరు అని విడదీశాడు. కానీ రెండోదాన్నీ 'ఎంపిక' అనే అన్నాడు. ఎంపిక అన్నాక ఎంచినవాడు మనసులో మెదలకుండా ఉండడు.

ఇటీవలి కథ యువల్ నోవా హరారీది. 'సేపియన్స్' లో ఆయన వాక్యాన్ని తలకిందులు చేశాడు. మనిషి గోధుమని లొంగదీసుకోలేదు, గోధుమే మనిషిని లొంగదీసుకుంది, వ్యవసాయవిప్లవం చరిత్రలోకెల్లా పెద్ద మోసం, అని. ఈ మాటకి ఆధారం ఒక శబ్దచమత్కారం. ఇంగ్లీషులో పంటని సాగులోకి తేవడానికి వాడే మాటలో లాటిన్ 'ఇల్లు' దాగి ఉంది. ఇంట్లో కట్టుబడి ఉన్నది ఎవరు, గోధుమా మనిషా, అని అడుగుతాడు. చదవగానే భలే అనిపిస్తుంది. తెలుగులో అనుకుని చూస్తే చమత్కారం నిలవదు. జంతువుని మచ్చిక చేసుకుంటాం. పంటని సాగు చేస్తాం. 'సాగు' లో ఇల్లూ లేదు, కట్టేయడమూ లేదు. కొనసాగడంలో ఉన్న సాగు లాగే వినిపిస్తుంది.

చమత్కారం పోతే పోయింది, అసలు అభ్యంతరం వేరే ఉంది. హరారీ కర్తనీ కర్మనీ అటూ ఇటూ మార్చాడే తప్ప వాక్యాన్ని మార్చలేదు. ఇంకా ఒక మోసగాడు, ఒక మోసపోయినవాడు ఉన్నారు. తియన్‌లువోషన్ గింజలు చెప్పేదాంట్లో ఇద్దరూ లేరు. ఉన్నది చేతులు చేసిన పని. అడవి వరిని బుట్టలోకి దులుపుకుంటే, చేతికొచ్చేవి తేలిగ్గా రాలే గింజలే. అవే విత్తితే రాలే గుణమే పెరుగుతుంది. వెన్నులతో సహా కోసి ఇంటికి తెచ్చుకుంటే, దారిలో రాలనివే ఇల్లు చేరతాయి. అవి విత్తితే రాలని గుణం పెరుగుతుంది. మనిషి అదే, మొక్క అదే, ఆకలీ అదే. బుట్టా కొడవలా అన్నదొక్కటే తేడా. హిల్మన్, డేవిస్ అనే ఇద్దరు 1990లో అడవి గోధుమ, బార్లీల మీద లెక్కకట్టి, సరైన పద్ధతిలో కోస్తే 20 నుంచి 200 ఏళ్ళలోనే పంట పూర్తిగా మారిపోగలదన్నారు. నిజంగా పట్టింది అంతకి ఎన్నో రెట్లు. అంటే వేల ఏళ్ళు జనం రెండు పద్ధతులనీ కలిపే వాడారని, రాలినదాన్నీ వదులుకోలేదని అనుకోవచ్చు. వాళ్ళకి విప్లవం చేసే తొందరేం లేదు.

ఆఫ్రికా కథ ఇంకా విడ్డూరం. పశ్చిమాఫ్రికాలో వరిని ఆసియాతో సంబంధం లేకుండా వేరే జాతినుంచి సాగులోకి తెచ్చుకున్నారు. అక్కడా మారింది ఎస్‌హెచ్4 కి సాటి వచ్చే జన్యువే, కాకపోతే వేరే చోట, వేరే అక్షరం. 2017లో తేలిందేమిటంటే, ఆ మార్పు గింజని రాలకుండా ఆపింది, దాంతోపాటే గింజని చిన్నదీ చేసింది. పెద్ద గింజ కోసం మనిషి ఎంచుకుంటూ పోయాడు అనే పాఠంలో దీనికి చోటెక్కడ? చిన్నదైనా పరవాలేదు, ఇల్లు చేరితే చాలు, అన్నట్టుంది ఆ గింజ.

మనిషి కథలోనూ, మొక్క కథలోనూ కనపడకుండా పోయిన మాట ఒకటుంది. నూర్పు. తనంతట తాను రాలే గింజని నూర్చక్కర్లేదు. రాలని గింజని రాల్చాలి. తెలుగు వ్యాకరణం ఈ సంగతిని రెండు క్రియల్లో పెట్టుకుంది: రాలు, రాల్చు. మొదటిది గింజ చేసే పని, రెండోది గింజకి ఇంకొకరు చేసే పని. ఆ రెండింటి మధ్య ఉన్నదంతా కళ్ళమే. కొయ్యడం, మోపులు కట్టడం, కుప్ప వెయ్యడం, బల్లకేసి కొట్టడం, ఎద్దులతో తొక్కించడం, తూర్పారబట్టడం. లి బృందం పత్రంలో నాకు అన్నిటికంటే నచ్చిన పరిశీలన ఈ సంగతినే తాకుతుంది. ఆ ఒక్క అక్షరం రాల్చే జన్యువుని చంపలేదు, బలహీనపరిచింది, అంటారు వాళ్ళు. పూర్తిగా చచ్చివుంటే గింజని నూర్చడమే కష్టమయ్యేది. పొలంలో రాలకూడదు, కళ్ళంలో కొడితే రాలాలి. అంత సన్నటి గీత మీద నిలబడింది మనం తినే వరి. ఆ గీతని గీసింది పొలంనుంచి కళ్ళం దాకా మోసిన నెత్తులూ, కొట్టిన చేతులూ. మొక్క చేసుకునే పనిని మన ఒంటిమీద వేసుకున్నాం. 'మన' అన్నాను కానీ, ఆ పని ఎప్పుడూ అందరి ఒంటిమీదా సమానంగా పడలేదు.

2017లో వచ్చిన 'అగెన్‌స్ట్ ద గ్రెయిన్' లో జేమ్స్ సి. స్కాట్ ఈ దారిలో కొంత దూరం నడిచాడు. తొలి రాజ్యాలు ధాన్యం మీదే ఎందుకు లేచాయి, దుంపల మీద ఎందుకు లేవలేదు అని అడిగి, ధాన్యం నేలమీద కనపడుతుంది, ఒకేసారి పండుతుంది, కొలవచ్చు, పంచవచ్చు, దాచవచ్చు, అందుకే పన్ను వేయవచ్చు అన్నాడు. ఈ మూడు పుస్తకాల్లో నాకు దగ్గరగా ఉన్నది ఇదే. అయినా ఇందులోనూ చూపు పన్ను వసూలుచేసేవాడిదే. పొలంలోకి అధికారి వచ్చేముందే జరిగిపోయినది ఇంకోటుంది. గింజ వెన్నుమీద ఆగి ఎదురుచూడటం నేర్చుకున్న రోజునుంచే దానికి సొంతదారు సాధ్యమయ్యాడు. రాలే గింజకి సొంతదారుండడు. అది నేలది, చీమది, చిలకది, ముందు వంగినవాళ్ళది.

మన సంప్రదాయం దీన్ని మర్చిపోలేదు. రాలిన గింజలు ఏరుకుని బతకడాన్ని ఉంఛవృత్తి అని, దాన్ని గొప్ప నిష్ఠగా చెప్పింది. భారతంలో సక్తుప్రస్థుడి కుటుంబం ఏరుకున్న గింజల పిండిని అతిథికి పెట్టేసింది. ధర్మరాజు అశ్వమేధం ఆ పిండికి సాటిరాదని ముంగిస వచ్చి చెప్పింది. అందంగానే ఉంది. కానీ బ్రాహ్మణుడు ఏరితే ఉంఛవృత్తి, కూలిమనిషి ఏరితే పరిగె. ఒకదానికి పురాణం ఉంది, రెండోదానికి ఆసామి అదిలింపు ఉంది. కోత అయిపోయిన మడిలో రాలిన వెన్నులు ఏరుకోవడానికి ఎవర్ని రానివ్వాలి, ఎప్పుడు రానివ్వాలి అన్నది దయగా చెలామణీ అయింది గానీ, లెక్కప్రకారం అది ఒక పాత హక్కులో మిగిలిన ముక్క. రాలినది అందరిదీ అన్న హక్కు. కోతమిషన్ వచ్చాక కోతా నూర్పూ ఒకే చోట, ఒకే వేళకి అయిపోతున్నాయి. పరిగె అనే మాట వివరించి చెప్పాల్సిన మాటల్లో చేరుతోంది.

అందుకే జన్యుశాస్త్రపు కథని సాహిత్యం చదివేవాళ్ళు చదవాలంటాను. శాస్త్రాన్ని కవిత్వం చెయ్యడానికి కాదు. ఆ పని శాస్త్రవేత్తలే పత్రాల పేర్లలో చేస్తున్నారు. ఒక్క అక్షరం, పెద్ద మోసం లాంటి మాటలు ఎక్కడ విషయాన్ని చూపిస్తున్నాయో, ఎక్కడ పక్కకి నెడుతున్నాయో చెప్పడానికి. నాయకుడు లేని కథని నాయకుడితో చెబితే, ముందు మాయమయ్యేది పని చేసినవాళ్ళే.

కలుపు వరి మాత్రం ఈ కథలేవీ వినలేదు. సాగు వరి అక్షరాన్ని అలాగే ఉంచుకుని, వేరే జన్యువుల దారిన రాలడం మళ్ళీ సాధించుకుంది. కోతకి ముందే గింజల్ని నేలకి ఇచ్చేస్తుంది. ఆసామికి అది నష్టం, నిజమే, ఆ నష్టాన్ని నేనేమీ తేలిగ్గా తీసుకోవడం లేదు. కానీ దాన్ని చూసినప్పుడల్లా నాకు విదూషకుడే గుర్తొస్తాడు. అందులో ఆరోవంతు ఎవరు వసూలుచేస్తారో చూడాలి.